ఎగిరిపోయిన మూడు పైకప్పులు

నా పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు పై గడుల్లో స్టేషను రైటరు గారు రాసుకున్నారు. సరిగ్గా రాశారో లేదోనని కాగితం అడిగి తీసుకుని చూశాను. సరిగ్గానే ఉన్నాయి. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ నేను పానా మేస్త్రీని. వయసు అరవై మూడు. వృత్తి ఇళ్ళకు పైకప్పులు వేయడం. పెంకులు, ఇనుప రేకులు, సిమెంటు రేకులు అన్నీ వేశాను. నలభై ఒక్క ఏళ్ళు వేశాను. నాలుగేళ్ళ కిందట మోకాళ్ళు అరిగాయని డాక్టరు చెప్పినప్పటి నుంచి నిచ్చెన ఎక్కడం మానేశాను, మూడు రోజులు తప్ప. ఆ మూడు రోజుల సంగతి దాని వరుసలో చెబుతాను.

ఈ రోజు శుక్రవారం, ఇరవయ్యో తేదీ. ఉదయం పది గంటల పది నిమిషాలకు నా అంతట నేనే స్టేషనుకు వచ్చాను. నన్ను ఎవరూ పిలిపించలేదు, బెదిరించలేదు. బుధవారం నేను ఇచ్చిన ఫిర్యాదు మీద మా బావమరిదిని, అంటే నా భార్య తమ్ముణ్ణి, నిన్న సాయంత్రం తీసుకొచ్చి లాకప్పులో పెట్టారు. ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలకు కోర్టులో హాజరు పరుస్తారనీ, అక్కడి నుంచి జైలుకు పంపవచ్చనీ ఎస్సై గారు చెప్పారు. వాడి మీద కేసు గట్టిగా నిలబడాలి. అందుకు సాక్ష్యం వివరంగా ఉండాలని ఇది చెప్పడానికి వచ్చాను. పేజీలకు అంకెలు వేయమని రైటరు గారిని అడిగాను. మధ్యలో పేజీ మారిస్తే నాకు తెలియాలి కదా. ఆయన మొహం మాడ్చుకున్నారు గానీ వేశారు.

మా వీధిలో ఇరవై ఆరు ఇళ్ళున్నాయి. వెనక ఖాళీ నేల, అది దాటితే సముద్రం. గాలివాన వస్తే మొదటి దెబ్బ మాకే. ఎండాకాలంలో వడగళ్ళు పడతాయి. మూడేళ్ళ కిందటి గాలివానకు మూడో ఇంటి ఇనుప రేకు ఎగిరి వెళ్ళి పదహారో ఇంటి తలుపులో దిగబడింది. ఆ తలుపు వెనక అప్పుడే స్నానానికి లేచిన మనిషి నిలబడి ఉన్నాడు. బెత్తెడు దూరంలో ప్రాణం దక్కింది. మరుసటి ఏడు వడగళ్ళకు పెంకుటిళ్ళన్నీ జల్లెడలయ్యాయి. దాంతో వీధిలో అందరూ ఒకే రకం కప్పు వేయించుకోవాలని అనుకున్నారు. ఏ రకం అన్నది తేల్చడానికి పోయిన ఏడాది మార్చి తొమ్మిదో తేదీ ఉదయం పదకొండు గంటలకు స్కూలు భవనంలో కూర్చున్నాం.

ఆ మీటింగుకు మా బావమరిది సంచిలో ఒక నమూనా రేకు పెట్టుకుని వచ్చాడు. వాడు పాలిమర్ రేకుల ఏజెన్సీ నడుపుతాడు. తుప్పు పట్టదు, వడగళ్ళకు పగలదు, బరువు తక్కువ, పొరపాటున ఎగిరినా ఇనుప రేకులా కోసెయ్యదు అని చెప్పుకుంటూ పోయాడు.

“ప్లాస్టిక్కా?” అన్నాను నేను. “బకెట్టు బోర్లించి దాని కింద కాపురం చెయ్యమంటావా?”

అందరూ నవ్వారు.

“ప్లాస్టిక్ అని తీసిపారెయ్యకు బావా. పాలిమర్.”

“పేరు మారిస్తే సరుకు మారుతుందా?”

“నీకు పానా అని పేరు పెడితే నువ్వేమైనా మారావా? అప్పుడూ బిర్రే, ఇప్పుడూ బిర్రే” అన్నాడు. ఇంకా గట్టిగా నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. అది నేను చూశాను.

నేను నవ్వలేదు. వాడికి నా మీద పాత కక్ష ఉంది. ఇది ఎస్సై గారు ప్రత్యేకంగా రాయించాలి. పదిహేనేళ్ళ కిందట వాడు నా దగ్గర ఆరు నెలలు పని నేర్చుకున్నాడు. ఒక గోడౌను కప్పు మీద ఏడు స్క్రూలు వదులుగా వదిలాడని నలుగురి ముందూ నిచ్చెన దింపి ఇంటికి పంపేశాను. అక్కగారి మొగుడే అలా చేస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. వాడు పైకి ఏమీ అనలేదు. ఏమీ అననివాడినే నేను ఎక్కువ అనుమానిస్తాను.

అందుకని నమూనా రేకును పరీక్షకు నేనే తీసుకున్నాను. పంతొమ్మిది రోజులు నా దగ్గర ఉంది. సుత్తితో కొట్టాను. సలసల కాగే నీళ్ళు పోశాను. బట్టలు నానబెట్టే తొట్టిలో ఉప్పునీళ్ళు నింపి పది రోజులు ముంచాను. మా ఆవిడ ఆ పది రోజులూ పక్కింట్లో బట్టలు ఉతుక్కుంది, నాతో పొడిపొడిగా మాట్లాడింది. ఐసు గడ్డలు సంచిలో తెచ్చి స్కూలు మేడ మీద నుంచి విసిరాను. పంతొమ్మిదో ఇంటి బస్సు డ్రైవరు తన బస్సు ముందు చక్రం దాని మీదికి ఎక్కించి దించాడు. గీత పడింది. అంతకు మించి ఏమీ కాలేదు. ఏ లోపమూ దొరకలేదు. అక్కడే నాకు అనుమానం బలపడింది. ఏ లోపమూ లేని సరుకు నలభై ఏళ్ళలో నేను చూడలేదు.

నమూనా మంచిది చూపించి సరుకు వేరేది దించుతారు, ఇది లోకంలో జరిగేదే. నా కళ్ళు కప్పడం అంత తేలిక కాదు. సరుకు లారీ ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన వచ్చింది. పాత పేపర్ల కొట్టు నుంచి త్రాసు తెప్పించి ప్రతి కట్టలోంచీ ఒక రేకు తూచి, మేకుతో గీత గీసి గుర్తు పెట్టాను. మందం కొలిచాను. అన్నీ నమూనాతో సరిపోయాయి. మా బావమరిది లారీ పక్కన నిలబడి చూస్తూ, “బావా, రక్త పరీక్ష కూడా చేయిస్తావా?” అన్నాడు. నేను పట్టించుకోలేదు.

రేకులు బిగించడానికి ఏజెన్సీ తరఫున ఒక ఆవిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. అందరం ఫిట్టరమ్మ అనేవాళ్ళం. ఆవిడతో ఇద్దరు మనుషులు. మే రెండో తేదీన మొదలుపెట్టారు. నేను వీధిలో కుర్చీ వేసుకుని రోజంతా తల పైకెత్తి చూసేవాణ్ణి. ఆవిడ పద్ధతి మొదటి రోజే నాకు నచ్చలేదు. స్క్రూ కంటే పెద్ద చిల్లు వేస్తుంది. రబ్బరు వాషరు పెట్టి స్క్రూ బిగిస్తుంది. బిగించాక మళ్ళీ పావు తిప్పు వెనక్కి తిప్పుతుంది. ప్రతి స్క్రూకూ అంతే.

మా పనిలో మొదటి పాఠం ఒకటుంది. నా గురువు నాకు నేర్పాడు, నేను పదిహేను మందికి నేర్పాను. కప్పు వేశాక ప్రతి వాషరు మీదా బొటనవేలు నొక్కి తిప్పి చూడాలి. వాషరు కదలకూడదు. కదిలితే ఆ మేస్త్రీని మళ్ళీ కప్పు ఎక్కనివ్వకూడదు. నాది ఎడమచేతి వాటం. ఈ ఎడమ బొటనవేలితో ఎన్ని వేల వాషర్లు చూశానో లెక్క లేదు.

ఫిట్టరమ్మను కిందికి పిలిచి అడిగాను.

“స్క్రూలు వదులుగా వదులుతున్నావేంటమ్మా?”

“వదులు కాదండీ మేస్త్రీగారూ. ఈ రేకు ఎండకు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. అటూ ఇటూ జరగడానికి చోటు వదలాలి.”

“రేకుకు చోటు కావాలా? పక్క కూడా వెయ్యమంటావా?”

ఆవిడ నవ్వి, బొమ్మలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టింది. చదవమంది. ఏజెన్సీవాళ్ళు అచ్చు వేసిన కాగితం ఏజెన్సీవాళ్ళ మాటే చెబుతుంది. నాలుగు మడతలు పెట్టి మా ఇంట్లో ఊగే బల్ల కాలి కింద దోపాను. బల్ల ఊగడం మానింది.

ఇప్పుడు ఆ మూడు రోజుల సంగతి. మే పదకొండు నాటికి ఇరవై ఇళ్ళ పని అయింది. ఆ రోజు ఉదయం అయిదున్నరకు, ఫిట్టరమ్మ రాకముందే, నేను మా ఇంటి కప్పు ఎక్కాను. మాది నాలుగో ఇల్లు. మొదటి వాషరు మీద వేలు పెట్టగానే కదిలింది. రెండోదీ కదిలింది. అన్నీ కదిలాయి. నా ఒళ్ళు మండిపోయింది. నా పానాతో నూట అరవై ఎనిమిది స్క్రూలూ బిగించాను. వాషరు అంచు ఉబ్బి బయటికి వచ్చేదాకా బిగించాను. దిగేసరికి ఎనిమిది.

పన్నెండో తేదీన పక్కింటికి, అంటే అయిదో ఇంటికి ఎక్కాను. ఆ ఇంట్లో టైలరమ్మ ఒక్కతే ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పక్కిల్లు. నన్ను అన్నయ్యా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. వీధి వీధంతా ఆవిడ కుట్టిన బట్టలే తొడుక్కుంటాం. ఆవిడ నిచ్చెన పట్టుకుని నిలబడింది.

“ఆ మోకాళ్ళతో నీకెందుకు అన్నయ్యా ఈ అవస్థ? వాళ్ళు బిగించింది చాలదా?”

“వాళ్ళు పని అయిందనిపించుకోవడానికి బిగించారు. నేను నీ కోసం బిగిస్తున్నాను.”

పదమూడో తేదీన పంతొమ్మిదో ఇల్లు, బస్సు డ్రైవరుది. వాడు అడిగాడు కాబట్టి వెళ్ళాను. దిగుతుంటే కుడి మోకాలు పట్టేసింది. మరి ఎక్కలేకపోయాను. మిగతా ఇరవై మూడు ఇళ్ళూ ఫిట్టరమ్మ వదిలినట్టే ఉండిపోయాయి. ఆ ఇళ్ళవాళ్ళను తలుచుకుని నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

జూన్ మూడో తేదీ ఉదయం పది గంటలకు ఫిట్టరమ్మ నిచ్చెన పట్టుకుని మళ్ళీ మా వీధికి వచ్చింది. మా ఇల్లు, టైలరమ్మ ఇల్లు, డ్రైవరు ఇల్లు, ఈ మూడింటి స్క్రూలూ వదులు చెయ్యాలని సారు పంపారంది. సారంటే మా బావమరిది. బిగించిన స్క్రూ వదులు చేస్తామని వచ్చినవాళ్ళను మీరు ఎక్కడైనా చూశారా? నేను నిచ్చెన లాగి పక్కన పడేశాను. మిగతా రెండిళ్ళ దగ్గరా నిలబడి ఎక్కనివ్వలేదు. ఆ సాయంత్రం ఆరు గంటలకు బావమరిదే వచ్చాడు. వాళ్ళక్క కాఫీ తెచ్చి చేతికిచ్చింది.

“బావా, ఒక్కసారి నా మాట విను. ఇనుప రేకు వేరు, ఇది వేరు.”

“బిగించింది ఊడదీస్తాననేవాడు దొంగన్నా అవ్వాలి, పిచ్చోడన్నా అవ్వాలి. నువ్వు ఏ రకం?”

వాడు, “నీ ఇష్టం బావా” అని గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తాగలేదు. మళ్ళీ మా గడప తొక్కలేదు. మా ఆవిడ ఆ గ్లాసు చాలాసేపు అక్కడి నుంచి తియ్యలేదు.

ఆ తర్వాత సరుకు నాసిరకమని చెప్పే ఆధారాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎండ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మా కప్పు టక్, టక్ అని చప్పుడు చేసేది. టైలరమ్మ కూడా “అన్నయ్యా, మిషను ఆపితే పైన ఏదో విరుగుతున్నట్టుంది” అంది. డ్రైవరు ఇంట్లోనూ అంతే. మిగతా ఇళ్ళలో అడిగాను. ఏ చప్పుడూ లేదన్నారు. మంచి సరుకు వాళ్ళకు వేసి, చెడ్డది ఏరి మాకు వేశాడని అప్పుడే నాకు రూఢి అయింది.

ఈ నెల పద్నాలుగో తేదీ శనివారం ఉదయం తొమ్మిది గంటలకు గాలివాన హెచ్చరిక వచ్చింది. ఒంటిగంట కల్లా అందరం స్కూలు భవనానికి వెళ్ళాం. టైలరమ్మ రాలేదు. కుట్టాల్సిన బట్టలు చాలా ఉన్నాయంది. “నా కప్పుకేం భయం? అన్నయ్య స్వయంగా బిగించాడు” అంది. నేను కూడా బలవంతం చెయ్యలేదు. నాకు ఆ మాట బాగుందనిపించింది.

మూడు గంటల నలభై నిమిషాలకు స్కూలు కిటికీలోంచి మా కప్పు లేవడం చూశాను. ముందు ఒక మూల లేచింది. తర్వాత మొత్తం. వెంటనే అయిదో ఇల్లు. పంతొమ్మిదో ఇల్లు నాకు కనబడదు, నాలుగు గంటలకు పోయిందని తర్వాత తెలిసింది. మిగతా ఇరవై మూడు ఇళ్ళ కప్పులకు గీత పడలేదు. టైలరమ్మ ఇంట్లో రేకులతో పాటు ఊడిన చెక్క పట్టీ ఆవిడ కుడిచేతి మీద పడింది. చూపుడు వేలు, మధ్య వేలు చితికిపోయాయి. ఆదివారం ఆసుపత్రిలో ఆ రెండు వేళ్ళూ తీసేశారు. కత్తెర పట్టే వేళ్ళు. సోమవారం చూడ్డానికి వెళ్ళాను. ఆవిడ నన్నే ఓదార్చింది. “నువ్వేం చేస్తావు అన్నయ్యా, నువ్వు బిగించబట్టే అంతసేపన్నా ఆగింది” అంది. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. బుధవారం ఫిర్యాదు ఇచ్చాను.

నేను చెప్పేది ఒకటే. వాళ్ళు వదులుగా వదిలినా ఆ ఇళ్ళు నిలిచాయి. నేను గట్టిగా బిగించినా ఈ ఇళ్ళు పోయాయి. అంటే ఈ మూడు ఇళ్ళ సరుకు ఎంత చెడ్డదై ఉండాలి? కావాలని చేసిన పని ఇది. వాణ్ణి వదలకూడదు.

ఇంతవరకు రాశాక ఎస్సై గారు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. నేను నా చేత్తో స్క్రూలు బిగించిన ఇళ్ళ నంబర్లు అడిగారు. నాలుగు, అయిదు, పంతొమ్మిది అని చెప్పాను. కప్పులు ఎగిరిపోయిన ఇళ్ళ నంబర్లు అడిగారు. నాలుగు, అయిదు, పంతొమ్మిది అని చెప్పాను. ఆయన ఒక తెల్ల కాగితం మీద ఆ నంబర్లు ఒకదాని కింద ఒకటి రెండు వరుసలు రాసి, కాగితం నా వైపు తిప్పారు.

నేను కోప్పడ్డాను. “మా బావమరిది మిమ్మల్ని కూడా మంచి చేసుకున్నాడా?” అన్నాను. ఆ మాట కూడా రాయమని ఎస్సై గారు రైటరు గారికి చెప్పారు. లోపలి గదిలోంచి రెండు రేకు ముక్కలు తెప్పించి బల్ల మీద పెట్టారు. ఒకటి మా ఇంటి కప్పుది. రెండోది పదకొండో ఇంటిది, పోల్చి చూడ్డానికని నిన్న విప్పి తెచ్చారట. రెండూ ఒకే లారీలో వచ్చిన రేకులు. నేను తూచిన గుర్తు, నా మేకు గీత, రెండింటి మీదా ఉంది.

పదకొండో ఇంటి రేకులో చిల్లు గుండ్రంగా, శుభ్రంగా ఉంది. మా రేకులో ప్రతి చిల్లు చుట్టూ పగుళ్ళున్నాయి. నాలుగు వైపులా సన్నగా పాకిన పగుళ్ళు. ఒక చిల్లు పగులు వెళ్ళి పక్క చిల్లు పగులుతో కలిసింది. చిల్లు చుట్టూ వాషరు నొక్కుకుపోయిన గుంట ఉంది. పదకొండో ఇంటి రేకులో ఆ గుంట లేదు. ఆ గుంటలో నా బొటనవేలు పెట్టి చూశాను. అది గాలికి పడిన గుంట కాదు. ఒక్క రోజులో పాకిన పగుళ్ళూ కావు. రెండు ఎండాకాలాలు రేకు సాగబోయింది, నేను సాగనివ్వలేదు. మధ్యాహ్నాలు టక్, టక్ అన్నది అదే.

ఇక్కడ నేను పదకొండు గంటల యాభై రెండు నిమిషాల నుంచి పన్నెండు గంటల మూడు నిమిషాల దాకా ఆ రెండు ముక్కలనూ మార్చి మార్చి చూశానని రైటరు గారు రాశారు. నిజమే.

తర్వాత, ఇంతకు ముందు రాసినదంతా కొట్టెయ్యమని అడిగాను. చెప్పిన మాట కొట్టెయ్యడం కుదరదనీ, చెప్పదలుచుకున్నది ఉంటే కింద రాయిస్తామనీ ఎస్సై గారన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. ఇలా చెబితే కేసు నా మీదికి మళ్ళవచ్చని, ఆలోచించుకోమని. ఆలోచించుకున్నాను. రాయమన్నాను.

మంచినీళ్ళు తాగి వస్తానని లేచాను. కుండ లాకప్పు గది ముందే ఉంది. మా బావమరిది ఊచల దగ్గర నిలబడి ఉన్నాడు. నిన్నటి చొక్కాయే. నన్ను చూసి, “అక్క ఎలా ఉంది బావా?” అని అడిగాడు. బాగానే ఉందన్నాను. అబద్ధం చెప్పాను. నిన్న సాయంత్రం నుంచి మా ఆవిడ నాతో మాట్లాడలేదు, అన్నం వండలేదు.

“స్క్రూలు నేను బిగించానని వీళ్ళకెందుకు చెప్పలేదురా?” అని అడిగాను.

వాడు, “నీకు చెబితే నమ్మవు బావా. వీళ్ళకు చెబితే నమ్మేస్తారు” అన్నాడు.

నేను నీళ్ళు తాగకుండానే వచ్చేశాను. వాణ్ణి విచారించిన కాగితంలో ఏముందని ఎస్సై గారిని అడిగాను. “సరుకు నాది, బాధ్యత నాది” అని మాత్రమే చెప్పాడట. నా పేరు ఎక్కడా లేదట. నేను నమ్మలేక ఆ కాగితం చూపించమన్నాను. చూపించారు. లేదు.

కాబట్టి నేను చెప్పేది ఇది. మా బావమరిది తెచ్చిన సరుకులో లోపం లేదు. పంతొమ్మిది రోజులు వెతికాను, లేదు. ఫిట్టరమ్మ పనిలో లోపం లేదు. ఆవిడ నోటితో చెప్పింది, కాగితం ఇచ్చింది, మళ్ళీ నిచ్చెన పట్టుకుని వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో బల్ల కాలి కింద ఉంది, కావాలంటే మనిషిని పంపి తెప్పించుకోండి. మూడు కప్పులూ పాడు చేసింది నేను. ఇనుప రేకును బిగించినట్టు దీన్ని బిగించాను. వద్దన్నా బిగించాను. వదులు చేస్తామంటే తరిమేశాను. మోకాలు పట్టెయ్యకపోతే ఇరవై ఆరు ఇళ్ళూ బిగించేవాణ్ణి. ఆ రోజు స్కూలు నుంచి వెనక్కి వెళ్ళడానికి వీధిలో ఎవరికీ ఇల్లుండేది కాదు.

టైలరమ్మకు నేను అన్యాయం చేశాను. నేను బిగించాననే నమ్మకంతో ఆవిడ ఇంట్లో ఉండిపోయింది. నేను బిగించకపోతే ఆవిడ కప్పు నిలిచేది, లేదా ఆ నమ్మకం లేక అందరితో పాటు స్కూలుకన్నా వచ్చేది. రెండు విధాలా ఆవిడ వేళ్ళు ఆవిడకు ఉండేవి. ఇక్కడి నుంచి నన్ను వెళ్ళనిస్తే ముందు ఆసుపత్రికి వెళ్ళి ఈ సంగతి ఆవిడకు నా నోటితోనే చెబుతాను. వెళ్ళనివ్వకపోతే ఎస్సై గారు దయచేసి మనిషిని పంపి చెప్పించాలి. నేను బిగించబట్టి కప్పు ఆగిందని ఆవిడ ఇంకా అనుకుంటూ ఉండకూడదు.

బుధవారం ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. మా బావమరిదిని సాయంత్రం నాలుగు కాకముందే వదిలిపెట్టమని వేడుకుంటున్నాను. వాణ్ణి తిన్నగా వాళ్ళక్క దగ్గరికి వెళ్ళమని చెప్పండి. కాఫీ పెట్టమని చెప్పమనండి.

నా సంచిలో ఉన్న పానాను ఈ వాంగ్మూలంతో పాటు అప్పగిస్తున్నాను. వివరం: ఇనుప పానా ఒకటి, జానెడు పొడవు, పిడికి నల్ల గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ టైలరమ్మ కుట్టి ఇచ్చింది. రసీదు ఇస్తామన్నారు. అక్కర్లేదన్నాను.

రైటరు గారు మొత్తం మొదటి నుంచి చదివి వినిపించారు. ఈసారి పేజీల అంకెలు చూసుకోలేదు. మొదటి సగంలో బావమరిది మీద, ఫిట్టరమ్మ మీద, ఎస్సై గారి మీద నేను పడిన అనుమానాలన్నీ తప్పు. అందులో నేను చేసినట్టు చెప్పుకున్న పనులు మాత్రం నిజం. రెండో సగం అంతా నిజం. ఎవరి ఒత్తిడీ లేకుండా, తెలివిలో ఉండి చెప్పాను.

సంతకం పెట్టమన్నారు. నాకు సంతకం వచ్చు, బుధవారం ఫిర్యాదు మీద, చిన్నప్పుడు బడిలో అలవాటు చేయించిన కుడిచేత్తో పెట్టాను. దీని మీద ఎడమ బొటనవేలి ముద్ర తీసుకోమని అడిగాను. ఆ మూడు కప్పుల మీద ప్రతి వాషరునూ నొక్కి, కదలడం లేదని చూసుకుని సంతోషపడింది ఈ వేలే.

(ఎడమ బొటనవేలి ముద్ర)

సమయం మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై నిమిషాలు. నా ఎదుట చెప్పగా రాసినది: స్టేషను రైటరు.